రిసీవర్ బాగుచేసిన ఏడాది

అక్క నాకు చెవుడన్న రోజునే నేను పాటలు వినే రిసీవర్ మూత విప్పాను. చెవుడు అనే మాట ఆవిడ వాడలేదు లెండి. "నీకు సరిగ్గా వినపడట్లేదురా, ఒకసారి డాక్టరుకి చూపించుకో" అంది, అదీ ఫోన్లో. మొదటి రెండుసార్లూ మెల్లగా అన్నదట, మూడోసారి గట్టిగా అన్నది నా చెవిన పడింది. నేను ఒంటికాలి మీద లేచాను. ఇంకెప్పుడూ నాకు ఫోన్ చెయ్యొద్దని చెప్పి టక్కున పెట్టేశాను.

అంత చిన్న మాటకి అంత కోపమా అంటే, నా ఉద్యోగం ఏమిటో చెప్పాలి. కాగితం మిల్లులో ముప్ఫై ఒక్క ఏళ్ళు నేను బేరింగులు విన్నాను. చూడటం కాదు, వినడమే. రోలరు తిరుగుతుండగా దాని చివరనున్న బేరింగు పెట్టె మీద పొడవాటి స్క్రూడ్రైవరు మొన ఆనించి, పిడిని చెవి పక్క ఎముకకి నొక్కిపెట్టి వినేవాణ్ణి. లోపల గుండు అరిగిందో, గ్రీజు ఎండిందో, ఇంకెన్నాళ్ళు ఆడుతుందో చెప్పేవాణ్ణి. మిల్లులో నన్ను చెవి మేస్త్రి అనేవాళ్ళు. నాకు ఇంకో పేరుందని కొత్తగా వచ్చినవాళ్ళకి తెలిసేది కూడా కాదు.

మిషన్ల హోరుకి చెవులు పాడవకుండా కంపెనీ అందరికీ మెత్తటి బిరడాలు ఇచ్చేది. చెవుల్లో దోపుకునేవి. నాకిచ్చిన ప్రతి జతా కవరు విప్పకుండా నా డ్రాయర్లోనే ఉండేది. వినడమే పనైనవాడు చెవులు మూసుకుని ఏం పీకుతాడు? వాటిని పెట్టుకు తిరిగేవాళ్ళని చూసి నేను తెగ నవ్వేవాణ్ణి. అందరికీ చెప్పేవాణ్ణి కూడా, నా చెవులు కంపెనీ ఆస్తి అని.

తర్వాత రోలర్లకి సెన్సర్లు తగిలించారు. అగ్గిపెట్టెంత ఉంటాయి, వణుకుని కొలిచి కంప్యూటరుకి చెబుతాయి. ఒక బేరింగు పాడవుతోందని అది చెబితే, నేను స్క్రూడ్రైవరు పెట్టి విని, బ్రహ్మాండంగా ఉందని రాసి సంతకం పెట్టాను. మూడోరోజు అది బిగుసుకుపోయి రోలరు ఆగింది, కాగితం చిరిగి కుప్పలు పడింది. నన్నెవరూ ఏమీ అనలేదు. పై వారం నుంచి స్టోర్సులో కూర్చోమన్నారు, నట్లూ వాషర్లూ ఇచ్చే కిటికీ వెనకాల. బేరింగు సరుకే మంచిది కాదని నేను అందరితోనూ వాదించాను. సరిగ్గా ఆ వారంలోనే అక్క ఫోన్ చేసి డాక్టరు మాట ఎత్తింది. పుండు మీద కారం చల్లినట్టైంది.

అక్క నాకన్నా ఎనిమిదేళ్ళు పెద్ద. అమ్మ పోయాక నన్ను పెంచిందీ, చదివించిందీ, చివాట్లు పెట్టిందీ తనే. నేను పెళ్ళి చేసుకోలేదు. మొదట్లో కుదరలేదు, తర్వాత కుదుర్చుకోలేదు. అక్కా బావా ఊరికి ఆ చివర ఉంటారు, రెండు బస్సులు మారాలి. నెలకి ఒక శనివారం సాయంత్రం నాలుగింటికి అక్క వచ్చేది. మూడంతస్తులు ఎక్కి, మోకాళ్ళు పట్టుకుని కూర్చుని, నా వంటిల్లు చూసి మొహం అదోలా పెట్టి, ఆ తర్వాత వయొలిన్ డిస్కు వెయ్యమనేది. ఆ డిస్కూ తనదే, రిసీవరూ తను కొనిచ్చిందే. నేను ఈ ఇంట్లో దిగినప్పుడు, "ఉన్నవాటిల్లో చవకది చూసి కొన్నాన్రా, ఏమీ అనుకోకు" అని మోసుకొచ్చింది. వీసమెత్తు దర్పం లేని నల్ల పెట్టె, రెండు చిన్న స్పీకర్లు.

పోట్లాటకి ముందు ఆఖరిసారి వచ్చినప్పుడు, సౌండు తగ్గించరా, చెవులు చిల్లులు పడుతున్నాయంది. సౌండు పెంచినా వయొలిన్ దుప్పటి కప్పుకుని వాయిస్తున్నట్టుందని నేను. ఇంకేం దుప్పటిరా, గుచ్చుకుంటోందని తను. కాబట్టి ఫోన్ పెట్టేశాక నాకు విషయం తేటతెల్లంగా అర్థమైంది. లోపం నా చెవిలో లేదు, పెట్టెలో ఉంది. దాన్ని బాగుచేసి, వయొలిన్ మీది దుప్పటి లాగి పారేసి, అప్పుడు అక్కని నేనే పిలిచి ఎదురుగా కూర్చోబెట్టి వినిపిస్తాను. పాడైంది నీ చెవి కాదురా తమ్ముడూ, పెట్టే అని తన నోటితోనే అనిపిస్తాను. అంతవరకూ పిలవకూడదని ఒట్టు పెట్టుకున్నాను.

మూత నాలుగు స్క్రూల మీద ఉంటుంది. విప్పితే లోపల ఏళ్ళ తరబడి దుమ్ము. మెత్తటి బ్రష్షుతో దులిపాను. వాల్యూమ్ తిప్పితే గరగరమనేది, దాని సందులోకి క్లీనరు కొట్టి, అటూ ఇటూ వందసార్లు తిప్పాను. గరగర పోయింది. దుప్పటి పోలేదు.

రెండో నెలలో, కరెంటుని నిలవచేసే పెద్ద కెపాసిటర్లు రెండూ మార్చాను. పాతవి నెత్తిన ఉబ్బి ఉన్నాయి. డిస్కు లేనప్పుడు కూడా స్పీకర్లలో సన్నగా గుయ్యిమనే మోత ఉండేది, అది ఆగిపోయింది. తర్వాత పాట నడిచే దారిలోని చిన్న కెపాసిటర్లు ఒక్కొక్కటే మార్చుకుంటూ పోయాను. అవి కొరియర్లో తెప్పించుకునేవాణ్ణి. అక్కడొచ్చింది తంటా. నేను ఇంట్లోనే కూర్చుని ఎదురుచూస్తుంటే, తలుపు కింద నుంచి చీటీ వచ్చేది, ఇంట్లో ఎవరూ లేరని. ఒకసారి కాదు, మూడుసార్లు. కొరియర్ ఆఫీసుకి వెళ్ళి దులిపేశాను. మనిషిని ఇంట్లో ఉండగానే లేడంటారా, రేపు చచ్చాడని కూడా రాస్తారా అన్నాను. కౌంటరు దగ్గరావిడ నా వైపు చూసి, కొంచెం మెల్లగా మాట్లాడమని చేత్తో సైగ చేసింది.

స్పీకర్ల వైర్లు దారాల్లా ఉంటే లావువి వేశాను. నాలుగో నెలలో ఒక స్పీకరుకి ఎరుపూ నలుపూ తారుమారు చేసి బిగించాను. ఒకటి బయటికి తోస్తుంటే ఇంకొకటి లోపలికి లాగుతుంది, పాటలో కండ పోతుంది. ఆ పొరపాటు కనిపెట్టడానికి నాకు పది రోజులు పట్టింది. మిల్లులో ఎవరైనా ఇలా చేసుంటే వాణ్ణి ఏడాది పాటు ఏడిపించేవాణ్ణి. ఇంట్లో నన్ను ఏడిపించడానికి ఎవరూ లేరు, నేనే తిట్టుకుని సరిచేశాను.

అన్నిట్లోకీ కష్టమైన రోజు శనివారం. నాలుగింటికి పని పెట్టుకునేవాణ్ణి, కావాలనే. అక్క రాలేదన్న సంగతి పట్టనట్టు డిస్కు వేసి, వాల్యూమ్ పెంచి, తగ్గించి, మళ్ళీ పెంచి, స్పీకర్లని గోడకి జరిపి, ముందుకి లాగి నానా హైరానా పడేవాణ్ణి. నేను ఫోన్ చెయ్యొద్దన్నాను సరే, రావడానికేం? పెంచిన చేతులు అంత సులువుగా వదిలేస్తాయా? పదకొండు నెలల్లో నా గుమ్మం దగ్గరికి ఒక్క పురుగు రాలేదు. ఎదురింటి టైలరమ్మ కూడా, ఇదివరకు మెట్ల మీద కనిపిస్తే పలకరించే మనిషి, నన్ను చూసి మొహం తిప్పుకునేది. ఎవరికి వారే అని నేనూ మొహం తిప్పుకున్నాను. ఆదివారాలు నోరు విప్పి ఒక్క మాట మాట్లాడకుండానే పొద్దు గుంకేది. ఒకసారి నా గొంతు ఉందో లేదో చూసుకోవడానికి పాలప్యాకెట్టు మీద రాసింది పైకి చదివాను.

పదకొండో నెల చివర రిసీవర్లో మార్చడానికి ఇంకేమీ మిగల్లేదు. దుప్పటి మాత్రం అలాగే ఉంది. నిజం చెప్పాలంటే ఇంకా మందమైంది. శనివారం మధ్యాహ్నం పెట్టెని చంకన పెట్టుకుని పార్టుల షాపుకి వెళ్ళాను. ఆ షాపావిడ దగ్గర పరీక్ష చేసే సరంజామా అంతా ఉంది. నలభై ఏళ్ళ మనిషి, తక్కువ మాట్లాడుతుంది. నా పని విని, పెట్టెని బల్ల మీద పెట్టి మూత విప్పి, టార్చి వేసి లోపల చూసింది. నా టంకాలు చూసి తలాడించింది. తర్వాత ఒక వైపు నుంచి మోత పుట్టించే మిషను తగిలించి, ఇంకో వైపు స్పీకరూ, గీతలు చూపించే తెరా తగిలించింది.

మొదట లావు మోత, బొంయ్ మని. వినపడుతోందన్నాను. మీట తిప్పుతూ పోయింది, మోత సన్నబడింది, ఈల అయింది, ఈల ఇంకా సన్నబడింది, ఆగిపోయింది. చూశారా, అక్కడే ఆగిపోయింది, అదే దీని రోగం అన్నాను. నా గొంతులో ఉత్సాహం నాకే తెలుస్తోంది. ఆవిడ తెర వైపు చూపించింది. తెర మీద అల నిటారుగా, ఇందాకటంత ఎత్తునే నడుస్తోంది. తెర పాడైందేమో అన్నాను. అప్పుడే లోపలికి వచ్చిన ఒక కొనుగోలుదారు గుమ్మంలోనే ఆగి రెండు చెవుల్లోనూ వేళ్ళు పెట్టుకున్నాడు. షాపావిడ మీట కట్టేసింది. ఆయన వేళ్ళు తీసేశాడు.

నాకు వినపడింది నిశ్శబ్దమే. ఆవిడ మీట కట్టేయకముందూ అదే, కట్టేశాకా అదే.

ఆవిడ చాలాసేపు మూత బిగించే పనిలో ఉండిపోయింది. తర్వాత నా ఎదురుగా వచ్చి, పెదాలు కనిపించేలా నిలబడి చెప్పింది. "సెట్టులో ఏ లోపమూ లేదు మేస్త్రిగారూ. ఇంత చవక సెట్టు ఇంత శుభ్రంగా పలకడం నేనెప్పుడూ చూడలేదు. చాలా మంచి పని చేశారు."

ముప్ఫై ఒక్క ఏళ్ళలో నా పనిని ఎవరూ అంత బాగా మెచ్చుకోలేదు. పెట్టె తీసుకుని వచ్చేశాను. దారిపొడుగునా బస్సు ఇంజను నాకు శుభ్రంగా వినపడింది, లావు మోత కాబట్టి. నా వెనక సీట్లో ఇద్దరు మాట్లాడుకుంటున్నారు, ఒక్క ముక్కా తెలియలేదు. వాళ్ళు గొణుగుతున్నారనే అనుకునేవాణ్ణి నిన్నటివరకూ. ఊరంతా గొణగడం ఎప్పుడు మొదలుపెట్టిందా అని నేనెందుకు ఆలోచించలేదో.

మూడంతస్తులూ ఎక్కి, తాళంచెవి కోసం పెట్టెని గుమ్మంలో దింపాను. గోడ మీద బెల్లు స్విచ్చి కనిపించింది, చిన్న ఎర్ర దీపంతో. కిందటేడు, మా పోట్లాట అయిన కొత్తల్లో, బిల్డింగుకి రంగులు వేయించినప్పుడు ఓనరు పాత గంటలు తీయించి, అన్ని ఇళ్ళకీ పిట్టకూత బెల్లులు పెట్టించాడు. మాయింటి బెల్లు నేనెప్పుడూ కొట్టి చూడలేదు. ఎవడి ఇంటి బెల్లు వాడెందుకు కొట్టుకుంటాడు? కొరియర్ చీటీలు గుర్తొచ్చాయి. వేలు పెట్టి నొక్కాను. ఏమీ లేదు. ఇంకోసారి, ఇంకా గట్టిగా నొక్కాను. లోపల ఎవరూ లేని నా ఇంటి ముందు నిలబడి, వేలు తియ్యకుండా నొక్కుతూనే ఉన్నాను.

ఎదురింటి తలుపు తెరుచుకుంది. టైలరమ్మ మెడలో కొలతల టేపుతో బయటికొచ్చి, నన్ను చూసి నిలబడిపోయింది.

"మీరా? మీ అక్కగారనుకున్నాను" అంది.

ఆ మాట నాకు బాగా వినపడింది. అయినా మళ్ళీ అడిగాను. ఆవిడ మొదట చెప్పనంది, చెప్పనని మాటిచ్చిందట. నేను అక్కడే మెట్టు మీద కూలబడ్డాను. అది చూసి చెప్పింది. నా బెల్లు తన మిషను చప్పుడులో కూడా వాళ్ళింట్లోకి వినపడుతుందట. అక్క తొమ్మిదిసార్లు వచ్చిందట. ప్రతిసారీ శనివారం నాలుగింటికే. బెల్లు కొట్టి, కాసేపు చూసి, మళ్ళీ కొట్టి, మెట్ల మీద కూర్చునేదట. టైలరమ్మ మంచినీళ్ళిచ్చి లోపలికి రమ్మంటే వచ్చేది కాదట. పోయిన నెల వచ్చినప్పుడు ఒక్కో అంతస్తులోనూ ఆగి ఆగి ఎక్కిందనీ, వెళుతూ, ఇక నా మోకాళ్ళ వల్ల కాదమ్మా అన్నదనీ చెప్పింది.

"ఇంట్లోనే ఉండి, తోబుట్టువుకి తలుపు తియ్యని మనిషితో నాకేం మాటలని ఊరుకున్నానండీ" అంది టైలరమ్మ.

పెట్టె అక్కడే వదిలేసి కిందికి దిగాను. దాన్ని టైలరమ్మ తన ఇంట్లో పెట్టిందని తర్వాత తెలిసింది. రెండు బస్సులు మారాను. ఏం చెప్పాలో దారంతా కూడబలుక్కున్నాను. అన్నీ నా తప్పు కాదన్నట్టుండే మాటలే వచ్చాయి. బిరడాలు, మిషన్లు, ఓనరు, పిట్టకూత. ఏదీ పనికిరాలేదు.

అక్క ఇంటి తలుపు మూసి ఉంది. బెల్లు నొక్కాను. మోగిందో లేదో నాకు తెలియలేదు. వాళ్ళది ఎలాంటి బెల్లో, ఎంత సన్నంగా మోగుతుందో తెలియదు. ఇంకోసారి నొక్కుదామా అంటే, లోపల మోగుతూ ఉండి, తను విని కూడా తియ్యకపోతే? అలా ఎన్ని నిమిషాలు నిలబడ్డానో. అక్క ఇలాగే తొమ్మిదిసార్లు నిలబడింది, అదీ మోకాళ్ళ నొప్పులతో. నాకు ఏడుపొచ్చింది. గుమ్మంలో నిలబడి ఏడ్చాను, యాభై ఏడేళ్ళ మనిషిని.

తలుపు తెరుచుకుంది. అక్క సగం తెల్లబడిన జుట్టుతో, చేతిలో కళ్ళజోడుతో నా మొహంలోకి చూసి ఏదో అంది. కోపంగా లేదు, సంతోషంగానూ లేదు. పెదాలు కదిలాయి, మాట నా దాకా రాలేదు. పదకొండు నెలలుగా ఇలాంటప్పుడు నేను తల ఊపి ఊరుకునేవాణ్ణి, లేదంటే ఎదుటివాడు గొణుగుతున్నాడని కసురుకునేవాణ్ణి.

"వినపళ్ళేదక్కా. మళ్ళీ చెప్పు" అన్నాను.

అక్క నా చెయ్యి పట్టుకుని లోపలికి లాగి, కుర్చీలో కూర్చోబెట్టి, పక్కన ఇంకో కుర్చీ వేసుకుని నా ఎడమ చెవి దగ్గరికి వంగింది. అక్కడి నుంచి తన మాట వినపడింది, చిన్నప్పుడు పాఠం చెప్పిన గొంతే.

"ఫోన్ చెయ్యొద్దన్నావు. రావద్దనలేదుగా. అందుకే వచ్చా."

"బెల్లు వినపళ్ళేదక్కా."

"అదీ అనుకున్నాన్రా మొదట్లో. తలుపు కూడా తట్టా. తట్టగానే సౌండు పెంచావు. ఇంకోసారి కొడితే ఇంకా పెంచావు. విని కూడా తియ్యట్లేదనుకున్నా."

అవి నేను వాల్యూమ్ తిప్పి చూసుకుంటున్న శనివారాలు. అదే చెప్పాను. ఎందుకు తిప్పానో కూడా చెప్పాను. పెట్టె బాగుచేసి, పిలిచి, ఎదురుగా కూర్చోబెట్టి, నాదేం తప్పులేదని తన చేత అనిపిద్దామనుకున్నానని మొత్తం చెప్పేశాను. చెబుతుంటే ఎంత సిగ్గేసిందో మాటల్లో పెట్టలేను. అంతా అయ్యాక, తియ్యనివాడి గుమ్మానికి అన్నిసార్లు ఎందుకొచ్చావని అడిగాను.

అక్క కళ్ళజోడు చీరకొంగుతో తుడుచుకుంది. మళ్ళీ నా చెవి దగ్గరికి వంగింది.

"పాట వినడానికి" అంది. "మొదటిసారి వచ్చినప్పుడు తిప్పితే గరగరమనేది. తర్వాత పోయింది. వెనకాల ఏదో గుయ్యిమనేది, అదీ పోయింది. నాలుగో నెల్లో ఏం చేశావో ఏమో, అంతా బోలుగా అయిపోయింది. పాడుచేసుకున్నాడ్రా అనుకున్నా. మళ్ళీ బాగుచేశావు. పోయినసారైతే, ఒరేయ్, తీగ మీద కమాను రాసుకునే చప్పుడు కూడా మెట్ల దాకా వినపడింది."

ఆ చప్పుడు నేనెప్పుడూ వినలేదు. ఎలా ఉంటుందక్కా అని అడిగాను. అక్క నా అరచెయ్యి తన ఒళ్ళో తెరిచి పెట్టి, దాని మీద చూపుడువేలి గోరు ఆనించి, మణికట్టు నుంచి వేళ్ళ చివరి దాకా మెల్లగా లాగింది.